ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్, 1/48: అంచు సీమ్ పోవట్లేదు, రంగు ఏది వేయాలో తేలట్లేదు

గరుడరెక్క
టెస్టర్స్ కంపెనీ వాళ్ల పాత ఎఫ్-19 ప్లాస్టిక్ మోడల్ కిట్ మొదలుపెట్టాను, 1/48, అంటే విమానంలో 48వ వంతు కొలత. ఒంటికి పైభాగం, అడుగుభాగం అని రెండు పెద్ద ముక్కలు. టేపు వేసి చూస్తే ముక్కు దగ్గర బాగానే కూర్చుంటోంది, రెక్క కొసల దగ్గరికొచ్చేసరికి నోరు తెరుస్తోంది. అంచు చుట్టూ అతుకు గీత (సీమ్). రాడార్‌కి చిక్కకూడని ఇలాంటి విమానానికి గీత కనపడితే ఇంకేం స్టెల్త్?
రెండోది రంగు. అసలు లేని విమానం, ఫొటో అంటూ ఉండదు. దేన్ని చూసి వేయాలి? నలుపు కొట్టేయమంటారా?
మూడోది, డీకాల్ షీటు (నీళ్లలో తడిపి అంటించే గుర్తులది) పసుపెక్కిపోయింది. ఏది ముందు, ఏది వెనక చెప్పండి.

స్టైరీన్‌శాస్త్రి
జిగురు డబ్బా మూత ఇప్పుడే తీయకండి. ముందు ఫ్రేములన్నీ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి మెత్తటి టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి ముక్క ఊడిరావడానికి వాడే జిడ్డు పాత కిట్లలో బాగా మిగిలి ఉంటుంది, దాని మీద ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) నిలవదు. మరీ వేడినీళ్లు పోస్తే పలచటి ముక్కలు వంకరపోతాయి.

ఆ తర్వాత రెండు భాగాల లోపలి వైపు చూడండి. అచ్చులో ముక్కను బయటికి తోసే పిన్నుల గుర్తులు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. అంచులు కలవకుండా అడ్డుపడేది చాలాసార్లు అవే. ఉలి మొన ఉన్న బ్లేడుతో చెక్కేయండి. సగం నోరు అక్కడే మూసుకుంటుంది.

ఇంకా తెరుచుకుంటుంటే లోపల నాలుకలు అతికించాలి. 1 మి.మీ. ప్లాస్టిక్ షీటు నుంచి 5 మి.మీ. వెడల్పు ముక్కలు కోసి, అడుగుభాగం లోపలి అంచు వెంట 20 మి.మీ.కి ఒకటి చొప్పున, సగం బయటికి పొడుచుకొచ్చేలా అతికించండి. రాత్రంతా ఆరనివ్వండి. అప్పుడు పైభాగం వాటి మీద ఎక్కి కూర్చుంటుంది, పక్కకి జారదు.

మొత్తం ఒకేసారి అతికించే ఆలోచన పెట్టుకోవద్దు. ముక్కు నుంచి గాలి తీసుకునే నోళ్ల దాకా ఒక విడత, అది గట్టిపడ్డాక ఎడమ కుడి సమానంగా 30–40 మి.మీ. చొప్పున వెనక్కి రండి. ఒక వైపంతా ముందే పూర్తిచేస్తే ఒళ్లు మెలిపడుతుంది. మెలిపడ్డాక సరిచేసే దారి లేదు.

మాస్కింగ్‌మావయ్య
శాస్త్రి గారు చెప్పిన విడతల పద్ధతికే నా ఓటు. ఒక్క మాట కలుపుతా. పలచటి జిగురు వాడేటప్పుడు ముందు ముక్కల్ని నొక్కి పట్టుకుని, తర్వాత బ్రష్ కొసని గీతకి తాకించాలి. జిగురు తనంతట తానే సందులోకి పాకుతుంది. ఐదారు సెకన్లు ఆగి గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా బయటికి ఉబుకుతుంది. ఆ పూసని తుడవకండి. సందుని నింపేది అదే. 24 గంటలు వదిలేసి, బ్లేడుని నిలువుగా పట్టి గీకితే చక్కగా లేచిపోతుంది.

టేపు అంచు మాత్రం సీమ్ మీదికి రాకూడదు. జిగురు టేపు కిందికి పాకిందంటే టేపు ఆకారం ప్లాస్టిక్‌లో అచ్చుపడిపోతుంది.

చిన్నస్కేలు144
ముక్కులో బరువు?

స్టైరీన్‌శాస్త్రి
మంచి సమయానికి గుర్తుచేశారు. విమానం తోక మీదికి వాలిపోకుండా ముక్కులో బరువు కావాలా అన్నది మూసేముందే చూసుకోవాలి. రెండు భాగాలు టేపుతో బిగించి, నిలువు రెక్కలు, తోకవైపు ముక్కలు అన్నీ వాటి చోట టేపుతో పెట్టి, వెనక చక్రాలు వచ్చే చోట కింద రెండు పెన్సిళ్లు ఆనించండి. ముక్కు కిందికి వాలితే సరే. తోక వాలితే కాక్‌పిట్ ముందున్న ఖాళీలో బరువు పెడుతూ ముక్కు వాలేదాకా చూడండి. వాలాక ఇంకో 5 గ్రాములు అదనంగా వేయండి, రంగు, పారదర్శక పూతల బరువు కూడా వెనకే ఎక్కువ పడుతుంది కాబట్టి.

పాతడబ్బా
బరువు కోసం సీసం గుళ్లు వేసి తెల్ల జిగురు పోసేవాళ్లున్నారు. అది వద్దు. మూసిన డొల్లలో ఆ జిగురు వదిలే ఆవిరికి సీసం తెల్లగా పొంగి, ఏళ్లు గడిచాక లోపల్నుంచి ముక్కుని పగలగొడుతుంది. ఎపాక్సీతోగానీ సూపర్ గ్లూతోగానీ బిగించండి. సీసం కాకుండా స్టీలు బాల్ బేరింగులైతే ఇంకా నయం.

గరుడరెక్క
పిన్నుల గుర్తులు నిజంగానే ఉన్నాయి, కుడి రెక్క లోపల నాలుగు. చెక్కేస్తాను. సీమ్ నింపడానికి పుట్టీనా, సూపర్ గ్లూనా?

సూదిమొన
సూపర్ గ్లూ. రెండో ఆలోచన లేదు.

మాస్కింగ్‌మావయ్య
నేను ఒప్పుకోను. సన్నటి గీతకి పుట్టీ చాలు. సూపర్ గ్లూ ఆరాక స్టైరీన్ (కిట్ ప్లాస్టిక్) కంటే గట్టిగా ఉంటుంది. వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) వేస్తే పక్కనున్న మెత్తటి ప్లాస్టిక్ అరిగిపోయి గ్లూ గట్టులా మిగులుతుంది. పదునైన రెక్క అంచు దగ్గర ఆ గట్టు తీయబోయి అంచే గుండ్రం చేసేసుకుంటారు.

సూదిమొన
గట్టు మిగిలేది మర్నాడు రుద్దితే. గ్లూని త్వరగా గట్టిపరిచే యాక్సిలరేటర్ కొట్టి పది ఇరవై నిమిషాల్లో రుద్దితే ఇంకా మెత్తగానే ఉంటుంది. పుట్టీ సంగతి చూడండి: అందులోని ద్రావకం ఎగిరిపోతూ వారాల తరబడి కుంచించుకుంటుంది. ఇవాళ నున్నగా ఉన్న సీమ్ రంగేశాక మళ్లీ పైకి తేలుతుంది. ముదురు రంగు మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ విమానానికి అంచు చుట్టూ సీమే కాబట్టి ఆ ప్రమాదం తీసుకోకూడదు.

స్టైరీన్‌శాస్త్రి
ఇద్దరి మాటలోనూ నిజముంది, చోటుని బట్టి ఎంచుకోవాలి. అర మి.మీ. దాటిన సందుకి ముందు ప్లాస్టిక్ పట్టీ దూర్చి జిగురు పెట్టాలి, ఏ పుట్టీతోనూ పెద్ద సందు నింపొద్దు. అంతకంటే సన్నదానికి సూపర్ గ్లూ. చివర్న మిగిలే వెంట్రుక గీతలకి మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ప్రైమర్ని బ్రష్‌తో పూసి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిస్తే గీతలో ఉన్నది గీతలోనే ఉండి పైది పోతుంది. రుద్దే పనే లేదు.

రుద్దాల్సిన చోట 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000. నీళ్లతో తడిపి. పేపర్ని వేలితో పట్టుకోకుండా చదునైన ప్లాస్టిక్ దిమ్మెకి చుట్టండి. వేలు మెత్తగా ఉంటుంది, అంచుని తినేస్తుంది.

కొత్తపక్షి
నాదొక అడ్డు ప్రశ్న. సీమ్ గోల సరే, ఈ ఎఫ్-19 ఆకారమే తప్పు కదా? స్టెల్త్ అంటే పలకలు పలకలుగా ఉండాలి, అమెరికా నిజంగా ఎగరేసిన ఎఫ్-117 లాగా. ఇదేమో నున్నగా వంపులు తిరిగి ఉంది. ఇంత కష్టపడే బదులు పలకలున్న కిట్ కట్టుకోవచ్చుగా?

పాతడబ్బా
తప్పు అనకండి, అది పుట్టిన కాలం చూడండి. అమెరికా వాళ్ల వరసలో ఎఫ్-18 తర్వాత నేరుగా ఎఫ్-20 వచ్చింది. మధ్యలో 19 ఖాళీ. ఆ ఖాళీలోనే రహస్య విమానం దాగుందని 80ల్లో చాలామంది నమ్మారు. టెస్టర్స్ తరఫున జాన్ ఆండ్రూస్ అప్పటికి బయట తిరుగుతున్న సమాచారమంతా పోగేసి ఈ ఆకారం తయారుచేశాడు, 1986లో కిట్ వచ్చింది. అమెరికా కాంగ్రెస్‌లో దీని ప్రస్తావన వచ్చేంత గొడవైంది. మాకు చూపించని విమానం బొమ్మల పెట్టెలో ఎలా దొరుకుతోందని సభ్యులు నిలదీశారు. 1988 నవంబరు 10న పెంటగాన్ ఎఫ్-117 ఫొటో విడుదల చేసేదాకా జనం కళ్లలో స్టెల్త్ అంటే ఇదే. అసలుదేమో 1981 జూన్ 18నే గాల్లోకి లేచింది.

పలకలే కావాలంటే అదే టెస్టర్స్ 1987లో తెచ్చిన మిగ్-37బి ఫెర్రెట్ ఉంది. అదీ ఊహే. కానీ ఎఫ్-117కి దగ్గరగా వచ్చింది ఎఫ్-19 కాదు, ఆ మిగ్గే.

అంచుగీత
కొత్తపక్షి గారూ, పలకలు స్టెల్త్ సూత్రం కాదండీ, 1970ల కంప్యూటర్ల పరిమితి. సోవియట్ శాస్త్రవేత్త ప్యోతర్ ఉఫింత్సెవ్ అంచుల దగ్గర తరంగాలు ఎలా చెదురుతాయో 1962లో లెక్క కట్టి ప్రచురించాడు. ఎఫ్-117 కట్టిన లాక్‌హీడ్ వాళ్లు దాన్ని పట్టుకుని ప్రోగ్రామ్ రాశారు. అప్పటి యంత్రాలతో చదును పలకలకే లెక్క తేలేది, వంపులకి తేలేది కాదు. టాసిట్ బ్లూ అనే పరీక్షా విమానం 1982లోనే వంపులతో ఎగిరింది, 1989లో ఎగిరిన బి-2 బాంబర్ మొత్తం వంపులే. అంటే ఎఫ్-19 నున్నటి ఒంటిని ఇవాళ చూసినా తప్పుపట్టక్కర్లేదు.

ఇంకో సంగతి. ఎఫ్-19 నిలువు రెక్కలు లోపలికి వాలి ఉంటాయి. ఎఫ్-117వి బయటికి వాలితే, దానికి ముందు 1977లో ఎగిరిన హావ్ బ్లూ అనే పరీక్షా విమానం నిలువు రెక్కలు మాత్రం లోపలికే. ఈ కిట్‌లో నాకు బాగా నచ్చేది ఆ భాగం.

కొత్తపక్షి
ఈ లెక్కల సంగతి తెలియదు. మాట వెనక్కి తీసుకుంటున్నా.

గరుడరెక్క
నిలువు రెక్కల మాట వచ్చింది కాబట్టి, రెండూ ఒకే కోణంలో నిలబెట్టడం ఎలా? అతుకులో కాస్త ఆటుంది.

అంచుగీత
అట్టతో జిగ్ (కోణం పట్టి ఉంచే ఆసరా) చేయండి. సూచనల కాగితంలో ముందు నుంచి చూసే బొమ్మ ఉంటే దాని నుంచి కోణం తీసుకోండి. గట్టి అట్టని ఆ కోణానికి కోసి, అదే ముక్కని తిరగేసి రెండో వైపుకీ వాడండి. ఒకే ముక్క కాబట్టి రెండు కోణాలూ తేడా రావు. అతుకులో ఆట ఉంది కాబట్టి పలచటి జిగురు కాకుండా చిక్కటిది వాడండి, సర్దుకోవడానికి నాలుగైదు నిమిషాలు దొరుకుతాయి.

ఆరేలోపు రెండు కొలతలు: ముక్కు మొన నుంచి ఒక్కో నిలువు రెక్క కొసకి దూరం సమానంగా ఉండాలి, రెండు కొసల మధ్య బిందువు వీపు నడిగీత మీద పడాలి. దారం చాలు, స్కేలు వంపు మీద కుదరదు.

సూదిమొన
రంగులయ్యాక నిలువు రెక్కలు పెట్టొచ్చా? అడ్డం లేకుండా వీపంతా రంగు కొట్టుకోవచ్చు కదా.

అంచుగీత
వద్దు. రెక్క ఒంటిని కలిసే మొదలు దగ్గర పుట్టీ అవసరం పడుతుంది. స్టెల్త్ విమానంలో రెక్క ఒంట్లోంచే మొలిచినట్టు ఉండాలి, అతికించినట్టు కాదు. అక్కడ చిన్న వంపు పూడ్చాకే ప్రైమర్.

నీలిమేఘం
ప్యానెల్ లైన్ల (విమానం రేకుల అతుకు గీతల) గురించి ఎవరూ మాట్లాడలేదేం? పాత కిట్లలో చాలావాటికి గీతలు ఉబ్బి ఉంటాయి. గరుడరెక్క గారి కిట్‌లో ఎలా ఉన్నా సరే, సీమ్ రుద్దేటప్పుడు కొన్ని పోతాయి. మళ్లీ చెక్కాలా?

సూదిమొన
చెక్కాలి. అన్నీ లోపలికి చెక్కి వాష్ (గీతల్లోకి పారే పలచటి రంగు) వేస్తేనే అందం.

అంచుగీత
ఇక్కడ మాత్రం గట్టిగా అడ్డుపడతా. లెక్క చూడండి. స్క్రైబర్‌తో చెక్కే గీత 0.2 మి.మీ. అనుకుందాం. 1/48లో అది అసలు విమానం మీద 9.6 మి.మీ. సందు. దాదాపు సెంటీమీటరు! మామూలు ఫైటర్ మీదే అది ఎక్కువ. స్టెల్త్ విమానం మీద అంత సందుంటే రాడార్‌కి దీపం పెట్టి చూపించినట్టే. ఎఫ్-117కి ప్రయాణానికి ముందు మూతల అంచుల్ని టేపుతో, రాడార్‌ని పీల్చే పుట్టీతో మూసేవాళ్లు. కాబట్టి రోజూ తెరిచేవి మాత్రం ఉంచండి: ఆయుధాల అర తలుపులు, చక్రాల తలుపులు, కాక్‌పిట్ మూత. మిగిలిన గీతలన్నీ పూడ్చేయండి.

సూదిమొన
అన్నీ పూడ్చేస్తే సబ్బుబిళ్ల మిగులుతుంది. కంటికి ఆధారం ఉండాలి కదండీ. ఇంత పెద్ద చదును ఒంటి మీద ఏమీ లేకపోతే స్కేలు తెలియదు.

రంగులరాట్నం
మధ్యేమార్గం ఉంది. గీతలు పూడ్చి, ఆ చోట రంగుతో పట్టీలు వేయండి. స్టెల్త్ విమానాల మీద అతుకుల వెంట రాడార్‌ని పీల్చే పట్టీలు వేస్తారు, ఎఫ్-35 మీద అవి వేరే ఛాయలో స్పష్టంగా కనిపిస్తాయి. 2 మి.మీ. పట్టీ అంటే అసలు దాని మీద 9.6 సెం.మీ., ఆ కొలత నమ్మేలా ఉంటుంది. మూల రంగు ఆరాక పట్టీ మేరకు ఖాళీ వదిలి రెండు పక్కలా టేపు వేసి, కొద్దిగా లేత చేసిన రంగు పలచగా ఒక్క పొర కొట్టండి. తేడా తల వంచి చూస్తే తెలియాలి, దూరం నుంచి తెలియకూడదు.

అంచుగీత
ఇది నాకు సమ్మతం. పట్టీల దిశ మాత్రం మీ ఇష్టం కాదు. రెక్క ముందంచు, వెనకంచు ఏ కోణాల్లో ఉన్నాయో పట్టీలూ, తలుపుల అంచుల్లో ఉండే రంపపు పళ్ల ఆకారాలూ ఆ కోణాలకే సమాంతరంగా ఉండాలి. ప్రతిధ్వని కొన్ని దిక్కులకే పోవాలన్నది సూత్రం. ఊహా విమానాన్ని నిజమనిపించే గుట్టు ఇందులోనే ఉంది. చూసేవాడికి కారణం తెలియకపోయినా ఒద్దిక తెలుస్తుంది.

రంపపు పళ్లకి చిట్కా: టేపుని గాజు మీద అతికించి, విమానం అంచు కోణాన్ని గాజు కింద కాగితం మీద గీసుకుని, అదే కోణంలో అటొకసారి ఇటొకసారి కొత్త బ్లేడుతో కోయండి. ప్రతి తలుపుకీ ఎడమ కుడి టేపులు ఒకేసారి, ఒకదాని మీద ఒకటి పెట్టి కోస్తే పళ్లు సమానంగా వస్తాయి.

నీలిమేఘం
చివరికి అందరూ ఒక మాట మీదికొచ్చారు. సంతోషం.

గరుడరెక్క
మరి మూల రంగు? అసలు ప్రశ్న అదే.

చిన్నస్కేలు144
నలుపే. ఎఫ్-117 నలుపు కదా.

రంగులరాట్నం
ఎఫ్-117 నలుపన్నది నిజమే, కానీ మొదటి పరీక్షా విమానాల్లో లేత బూడిద రంగుతో ఎగిరినవి ఉన్నాయి. బి-2ది ముదురు బూడిద, అమెరికా ప్రభుత్వ రంగుల పట్టికలో ఎఫ్.ఎస్. 36118. అంటే నలుపు ఒక్కటే దారి కాదు.

నలుపే ఇష్టమైనా సీసాలోంచి తీసిన నలుపు నేరుగా వేయకండి. స్వచ్ఛమైన నలుపు మీద నీడ పడదు. వీపు మీది వంపులు, నోళ్ల అంచులు అన్నీ మాయమై ఒట్టి నీడబొమ్మలా కనిపిస్తుంది. తమియా ఎక్స్‌ఎఫ్-69 నేటో బ్లాక్ మూలంగా తీసుకోండి. దాన్ని మొత్తం కొట్టాక, అదే రంగు పది పాళ్లకి ఎక్స్‌ఎఫ్-24 ముదురు బూడిద రెండు పాళ్లు కలిపి ప్యానెళ్ల నడుమ మబ్బుమబ్బుగా కొట్టండి. పై నుంచి వెలుగు పడే చోట ఇంకాస్త లేత, అడుగుభాగం మూల రంగుతోనే వదిలేయండి.

బూడిద కావాలంటే మిస్టర్ కలర్ 305, అది 36118కి సరిపోయేదే. నన్నడిగితే ఈ ఒంటికి బూడిదే. వంపులు కనబడతాయి.

మాస్కింగ్‌మావయ్య
రంగు పలచన, గాలి ఒత్తిడి కూడా చెప్పండి, కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతారు.

రంగులరాట్నం
తమియా ఆక్రిలిక్‌కి ఎక్స్-20ఎ థిన్నర్ సమపాళ్లలో మొదలుపెట్టి, పైన మబ్బుల పొరకి ఒకటికి రెండు. మిస్టర్ కలర్‌కి లెవలింగ్ థిన్నర్ ఒకటికి ఒకటిన్నర, రెండు. 0.3 మి.మీ. నాజిల్, 15 పీఎస్ఐ, 7–10 సెం.మీ. దూరం. ఉపరితలం గరుగ్గా పొడిపొడిగా వస్తోందంటే రంగు గాల్లోనే ఆరిపోతోందని అర్థం: దగ్గరికి రండి, లేదా థిన్నర్ పెంచండి. కాళ్లు చాపి సాలెగూడులా పరుగెడుతోందంటే థిన్నరో, ఒత్తిడో ఎక్కువ.

ప్రైమర్ మాత్రం నలుపు వద్దు, బూడిద. మిస్టర్ సర్ఫేసర్ 1000 పలచగా కొట్టి దీపం పక్కవాటుగా పెట్టి చూడండి. అంచు వెంట దీపం జరుపుతుంటే మిగిలిన సీమ్ నల్లటి వెంట్రుకలా పైకి తేలుతుంది. అక్కడ దిద్ది మళ్లీ ప్రైమర్. మూడు సార్లైనా ఓపిక పట్టండి, ఎందుకంటే ముదురు రంగేశాక తప్పు కనిపిస్తుంది గానీ దిద్దడం కుదరదు.

పాతడబ్బా
ముదురు మ్యాట్ (మెరుపులేని) రంగుకి ఇంకో శత్రువు మన వేళ్లే. వేలి జిడ్డు అంటితే మ్యాట్ చోట మెరుపు మచ్చ పడుతుంది, తుడిస్తే ఇంకా మెరుస్తుంది. ఎగ్జాస్ట్ సందులోంచి పుల్ల దూర్చి పట్టుకోండి, ముట్టుకోవాల్సొస్తే నూలు చేతితొడుగులు.

సూదిమొన
వాష్? నల్ల విమానానికి నల్ల వాష్ వేస్తే ఏం కనిపిస్తుంది?

రంగులరాట్నం
లేత బూడిద వాష్. మిగిల్చిన తలుపుల గీతల్లో మాత్రమే, సన్నగా. ఒళ్లంతా పూస్తే మసి తుడిచినట్టుంటుంది. స్టెల్త్ పూత ఖరీదైనది, వాళ్లు దాన్ని శుభ్రంగా ఉంచుతారు. రంగు పెచ్చులు ఊడినట్టు, వెండి గీతలు పడ్డట్టు చేయడం ఇక్కడ పొసగదు. అతుకు వేసి సరిచేసినట్టు రెండు మూడు చదరాలు కాస్త వేరే ఛాయలో ఉంటే చాలు.

నీలిమేఘం
గాలి నోళ్లు తెరిచి ఉంచితే లోపల ఖాళీ డొల్ల కనిపిస్తుంది. దానికేం చేస్తారు?

అంచుగీత
ఇంజన్ ముఖం బయటికి కనపడకూడదన్నది స్టెల్త్‌లో మొదటి నియమం, తిరిగే బ్లేడ్లు రాడార్‌కి బాగా దొరుకుతాయి. కాబట్టి లోపల ఫ్యాన్ చెక్కే శ్రమ వద్దు. రెండు దార్లు. ఒకటి, 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీటుని పైకి వంచి నోట్లో దూర్చి నల్లరంగు వేయండి, గాలి దారి వంపు తిరిగి చీకట్లోకి పోయినట్టుంటుంది.

రెండోది ఎఫ్-117 లాగా జాలీ. ఎక్స్ బ్యాండ్ రాడార్ తరంగం పొడవు సుమారు 3 సెం.మీ. అంతకంటే చిన్న కంతలుంటేనే జాలీకి అర్థం. 1/48లో 3 సెం.మీ. అంటే 0.6 మి.మీ. కాబట్టి అంతకంటే సన్నటి కంతలున్న లోహపు వల తీసుకోండి. టీ వడకట్టే జల్లెడ వల సరిగ్గా సరిపోతుంది. అంచులు లోపలికి మడిచి సూపర్ గ్లూ పెట్టండి, రంగు పలచగా కొట్టకపోతే కంతలు పూడిపోతాయి.

సూదిమొన
వెనక ఎగ్జాస్ట్‌కి ఆఫ్టర్‌బర్నర్ (ఎగ్జాస్ట్‌లో అదనపు ఇంధనం మండించే భాగం) రింగు పెట్టాలనుకుంటే?

అంచుగీత
పెట్టకండి. ఎఫ్-117లో ఉన్నవి ఆఫ్టర్‌బర్నర్ లేని రెండు ఎఫ్404 ఇంజన్లు. వేడి కనపడకుండా ఉండాలనే సన్నటి పొడుగాటి సందులోంచి వదులుతారు. ఆ సందు కింది పెదవికి వేడి తట్టుకునే పలకలు. అక్కడ కాల్చిన లోహం రంగు మీద గోధుమ, ఊదా తేలిగ్గా తాకించండి. అంతే.

గరుడరెక్క
జల్లెడ వల ఆలోచన బాగుంది, అదే చేస్తా. కాక్‌పిట్ మూతకి బంగారు ఛాయ వేయాలా? మూత మీద గీతలు కూడా ఉన్నాయి.

మాస్కింగ్‌మావయ్య
ముందు గీతలు. 2000, 4000 నంబరు వాటర్ పేపర్లు నీళ్లతో, ఆపైన పాలిషింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డతో. గుండ్రంగా కాకుండా ఒకసారి నిలువు, తర్వాతి నంబరు అడ్డం రుద్దండి, ముందు గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఛాయకి తమియా ఎక్స్-22 క్లియర్ పది పాళ్లు, ఎక్స్-24 పసుపు ఒక పాలు, ఎక్స్-19 స్మోక్ ఒక్క చుక్క. లోపలి వైపు ఎయిర్‌బ్రష్‌తో పలచగా రెండు మూడు పొరలు. బ్రష్‌తో వేస్తే అంచుల్లో చేరి చారలు కడుతుంది.

పాతడబ్బా
ఛాయ వేయడం సబబే. అసలు విమానాల్లో అద్దానికి సన్నటి లోహపు పూత ఉంటుంది, లేకపోతే రాడార్ తరంగం లోపలికి పోయి హెల్మెట్, సీటు తగిలి వెనక్కొస్తుంది. ఎఫ్-117 అద్దాలకి బంగారు పూతే. కానీ తేనె రంగు వచ్చేదాకా పోకండి. తెల్ల కాగితం మీద పెడితే పసుపు తెలియాలి, నల్ల ఒంటి మీద పెడితే లేశంగా తోచాలి.

మూత అతికించడానికి సూపర్ గ్లూ మాత్రం వాడకండి, ఆవిరికి లోపల తెల్లగా మంచు పడుతుంది. తెల్ల జిగురు.

గరుడరెక్క
ఇక మిగిలింది పసుపెక్కిన డీకాల్స్.

పాతడబ్బా
షీటుని పారదర్శక కవర్లో పెట్టి, ముఖం బయటికి ఉండేలా ఎండ పడే కిటికీ అద్దానికి అంటించండి. పసుపు కొన్నాళ్లలో తగ్గుతుంది. కవర్లో తేమ చేరకుండా గట్టిగా మూయండి. తర్వాత మీకు అక్కర్లేని చిన్న ముక్క ఒకటి నీళ్లలో వేసి చూడండి. ముక్కలైపోతే మిగిలిన షీటు మీద మైక్రోస్కేల్ లిక్విడ్ డీకాల్ ఫిల్మ్ పూయండి, రాత్రంతా ఆరనివ్వండి. పూశాక షీటంతా ఒకే పొర అయిపోతుంది కాబట్టి ప్రతి గుర్తునీ అంచు దగ్గరగా విడిగా కోయాలి, మరచిపోతే అన్నీ కలిసి ఊడతాయి.

మోనోగ్రామ్ కూడా 1987లో ఎఫ్-19ఎ స్పెక్టర్ పేరుతో 1/48లోనే తెచ్చింది. ఆకారం పూర్తిగా వేరు. పెట్టె మీద 19 చూసి దాని డీకాల్స్ తెచ్చుకుంటే కొలతలు కుదరవు.

మాస్కింగ్‌మావయ్య
డీకాల్ ముందు గ్లాస్ పూత (నున్నగా మెరిసే పారదర్శక పూత) తప్పదు. మ్యాట్ మీద వేస్తే అడుగున గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది, ముదురు ఒంటి మీద అది అసహ్యంగా ఉంటుంది. డీకాల్‌ని అంటుకునేలా, మెత్తబడేలా చేసే ద్రావణాలు రెండున్నాయి: మైక్రో సెట్ కింద, మైక్రో సోల్ పైన. సోల్ వేశాక డీకాల్ ముడతలు పడుతుంది, కంగారుపడి ముట్టుకోవద్దు, ఆరేకొద్దీ అదే సర్దుకుంటుంది. అప్పటికీ వెండి మెరుపు మిగిలితే సూదితో అక్కడక్కడా పొడిచి మళ్లీ సోల్.

రంగులరాట్నం
గుర్తులు కూడా తక్కువ వేయండి. ముదురు ఒంటి మీద లేత బూడిద చిన్న నక్షత్రం, తోక నంబరు, రెస్క్యూ బాణం. ఎరుపు, తెలుపు పెద్ద బొమ్మలుంటే పక్కన పెట్టేయండి.

చిన్నస్కేలు144
చివరి మ్యాట్ పూత వర్షం పడే రోజు వద్దు. గాల్లో తేమకి తెల్లగా పొగమంచులా పడుతుంది, ముదురు రంగు మీద దాచలేరు.

స్టైరీన్‌శాస్త్రి
పడితే కంగారు వద్దు. లాకర్ (ఘాటు ద్రావకంతో చేసిన) పూత అయితే లెవలింగ్ థిన్నర్ ఒట్టిదే దూరం నుంచి పలచగా ఒక పొర కొట్టండి, పూత మళ్లీ కరిగి తెలుపు పోతుంది. ఇంకోటి, చక్రాల తలుపులు, చక్రాలు అన్నీ ఈ పూత తర్వాతే పెట్టండి. టైర్లు మెత్తటి వినైల్‌వైతే చక్రానికి ముందు రంగు, పారదర్శక లాకర్ రెండూ పట్టించాకే తొడగండి. వినైల్‌లోని నూనె ఏళ్ల మీద స్టైరీన్‌ని కరిగించి చక్రాన్ని జిగట చేసేస్తుంది.

గరుడరెక్క
చూశాను, ఇందులో టైర్లు గట్టి ప్లాస్టిక్కే. పిన్నుల గుర్తులు చెక్కేశాక ఎడమ రెక్క పూర్తిగా మూసుకుంది, కుడి రెక్క కొస దగ్గర ఇంకా గోరు మందం సందుంది. దానికి నాలుకలు కోస్తున్నాను. రంగు బూడిదే, 305.

అంచుగీత
గోరు మందం అంటే అర మి.మీ. దాకా ఉంటుంది. నాలుకలు ఎక్కాక కూడా మిగిలితే నొక్కి బలవంతంగా మూయకండి, బిగువుకి కొన్నాళ్లకి సీమ్ మళ్లీ చిట్లుతుంది. 0.5 మి.మీ. పట్టీ దూర్చి, జిగురు ఆరాక ఒంటితో సమానంగా కోసేయండి. జిగురు పెట్టేముందు ఫొటో పెట్టండి, రెండు రెక్కల కొసలు టేబుల్ నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూద్దాం.